కారు వినకూడని మాట

కరాకోల్ పట్నం శివార్లలో కార్లు బాగుచేసే ఒరొజాలీకి ఒకే ఒక్క చాదస్తం ఉండేది. కారుకి వచ్చిన జబ్బేమిటో ఆ కారు ఎదుట చచ్చినా చెప్పేవాడు కాదు.

బానెట్ ఎత్తేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. వేలు పెట్టి తడిమి, ఆ వేలు వాసన చూసి, సంగతి ఖాయం చేసుకున్నాక, నిద్రపోతున్న పసివాడికి దుప్పటి కప్పినంత మెల్లగా బానెట్ దించేవాడు. దాని మీద అరచేత్తో తట్టి, "నీకేం కాలేదు తల్లీ, నిక్షేపంగా ఉన్నావు" అనేవాడు. ఆ తర్వాత యజమాని మోచెయ్యి పట్టుకుని, షెడ్డు దాటించి, దొడ్డి చివర తన గొర్రెల కోసం వేసుకున్న గడ్డివామి వెనక్కి నడిపించేవాడు. అక్కడ అటూ ఇటూ చూసి, గుసగుసగా చెప్పేవాడు.

"మూడో సిలిండర్ కొట్టడం లేదు."

"ఈ ముక్క అక్కడే చెప్పొచ్చు కదయ్యా?"

"అక్కడ అది వింటుంది."

"ఏది?"

"మెల్లగా! గాలి అటే వీస్తోంది."

మాంసం కొట్టు ముకాష్ ఒక చలికాలం హెడ్‌లైటు వెలగడం లేదని వచ్చాడు. మోకాలి లోతు మంచు. ముకాష్ ఒళ్ళు ఆయన అమ్మే గొర్రెలన్నింటినీ కలిపి కట్టినంత ఉంటుంది. అంత మనిషినీ ఒరొజాలీ మంచులో ఈడ్చుకుపోయి గడ్డివామి వెనక నిలబెట్టాడు. ముకాష్ ఆయాసం తీరేదాకా ఆగి, చెవి దగ్గరికి వంగి, "బల్బు కాలిపోయింది" అన్నాడు.

"కాలిపోయిందని నాకూ తెలుసు! అందుకేగా వచ్చాను!"

"తెలిస్తే తెలిసింది, అరవకండి. తనకి రెండు కళ్ళూ ఉన్నాయనే అది అనుకుంటోంది. కొత్తది వేసేదాకా అలాగే అనుకోనివ్వండి."

మసీదు ఇమాముగారు ఒకసారి తన బంధువులతో కలిసి కారు చూపించడానికి వచ్చి, ఈ వ్యవహారం చూసి, నచ్చజెప్పబోయారు. "ఇనుముకి చెవులుండవు ఒరొజాలీ."

"ఉండవండీ, ఎందుకుంటాయి? రండి, అటు వెళ్ళి మాట్లాడుకుందాం" అని ఆయన్నీ నడిపించాడు. గడ్డివామి వెనక ఇమాముగారు ఏం విన్నారో తెలియదు. తిరిగొచ్చి, ఇనుము గురించి ఇంకొక్క మాట ఎత్తకుండా, ఇచ్చిన టీ తాగి కూర్చున్నారు.

క్రమంగా ఊరంతటికీ ఇది ఒక వాడుక మాటైపోయింది. ఎవరికైనా రహస్యం చెప్పాలంటే "గడ్డివామి దాకా వస్తావా?" అనేవాళ్ళు. మార్కెట్లో పుచ్చకాయ బాగోలేదని చెప్పాలంటే బండి నుంచి నాలుగు అడుగులు పక్కకి వెళ్ళి చెప్పేవాళ్ళు, పుచ్చకాయ వింటుందని. ఇవన్నీ ఒరొజాలీ చెవిన పడేవి. తెల్ల ఉన్ని టోపీ సర్దుకుని, మళ్ళీ ఏదో ఒక బానెట్ కిందికి తల దూర్చేవాడు.

పనిలో మాత్రం ఎవరూ వంక పెట్టేవాళ్ళు కాదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ మూడింటి మీద నడుస్తుంటే, దారిలో ఒక చెప్పు తెగిపోయిన మనిషి నడకలా ఉంటుంది ఆ శబ్దం. ఒరొజాలీ ఇంజన్ ఆపకుండానే ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే కాయిల్ తీగలు ఒక్కొక్కటే పీకి చూసేవాడు. పనిచేస్తున్న సిలిండర్ తీగ పీకితే ఇంజన్ ఇంకా తూలుతుంది. పనిచేయనిదాని తీగ పీకితే ఇంజన్‌కి పట్టనే పట్టదు. ఆ పట్టనిదాని దగ్గర ఆగి, కాయిల్ పైకి లాగి, దాని రబ్బరు తొడుగు చూసేవాడు. పొడిగా ఉంటే ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌లో పెట్టి చూసేవాడు. జబ్బు కాయిల్ వెంటే వెళ్తే తప్పు కాయిల్‌ది. అలా కాక నూనె కారుతూ వచ్చిందంటే పాపం కాయిల్ ఏమీ ఎరగదు. ఇంజన్ పైనున్న ట్యాపెట్ కవర్ సీళ్ళు పోయి, ప్లగ్గు కూర్చునే గుంటలోకి ఆయిల్ దిగుతోందన్నమాట. అది చూసుకోకుండా కొత్త కాయిళ్ళు వేస్తూ పోయేవాళ్ళంటే ఒరొజాలీకి జాలి. "ఇంటి కప్పు కురుస్తుంటే పరుపులు మారుస్తారేంటి?" అనేవాడు. అదీ గడ్డివామి వెనకే.

ఈ మనిషి తనకి వియ్యంకుడు కావడం జెక్షెన్‌కి మొదట్లో ఎంత మాత్రం మింగుడు పడలేదు.

జెక్షెన్ కొండ కనుమల మీదుగా రాజధానికి బస్సు నడిపి, ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చున్నవాడు. మంచులో, రాళ్ళు జారే దారుల్లో, ఒక్క ప్రయాణికుడి టోపీ కూడా కింద పడకుండా తోలినవాడని పేరు. కొడుకు అజత్ ఒరొజాలీ కూతురు బెగిమాయ్‌ని ఇష్టపడ్డాడని తెలిసి, పిల్లనడగడానికి వాళ్ళింటికి వెళ్ళాడు. కొత్త కోటు, మెరుగు పెట్టిన బూట్లు, వెంట భార్య సైరాఖాన్, అక్క బత్మాఖాన్. కారు దిగీ దిగగానే ఒరొజాలీ ఎదురొచ్చి, జెక్షెన్ మోచెయ్యి పట్టుకుని, "బావగారూ, ఒక్కమాట. ఇక్కడ కాదు" అన్నాడు.

జెక్షెన్‌కి అర్థమైపోయింది. పిల్లలో ఏదో లోపం ఉంది. ఇంట్లోకి వెళ్ళకముందే చెప్పేద్దామనుకుంటున్నాడు, మంచివాడే పాపం. గడ్డివామి దాకా నడుస్తున్నంతసేపూ జెక్షెన్ అన్నీ ఊహించుకున్నాడు. మూర్ఛ? ఇదివరకే పెళ్ళి? కొడుక్కి ఏమని చెప్పాలి?

"చెప్పండి. గుండె దిటవు చేసుకున్నాను."

ఒరొజాలీ చుట్టూ చూశాడు. "రెండో ప్లగ్గు గుంటలో ఆయిల్ దిగుతోంది. మీరు మలుపు తిరుగుతుంటేనే వినిపించింది."

ఆ రోజు ఇంటికొచ్చాక జెక్షెన్ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఒరే, పిల్ల బంగారం. కానీ ఆ తండ్రి... రేపు మన మనవలు కూడా టీ కెటిల్ ముందు గుసగుసలాడితే?"

"నాన్నా, నేను ఆయన్ని చేసుకోవట్లేదు కదా."

పెళ్ళయింది. జెక్షెన్‌కి దిగులు పోయి, వినోదం మిగిలింది. వియ్యంకుడి చాదస్తాన్ని ఆయనంత బాగా అనుకరించేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఏ విందులోనైనా మాంసం పులుసు గిన్నె రాగానే లేచి, గిన్నె మీద మూత వేసి, "నీకేం కాలేదు తల్లీ" అని తట్టి, పక్కనున్నవాణ్ణి గుమ్మం బయటికి లాక్కెళ్ళి, "ఉప్పు తక్కువైంది" అని చెవిలో చెప్పేవాడు. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకటి రెండు సార్లు ఒరొజాలీ కూడా ఆ విందులో ఉన్నాడు. అందరితో పాటు నవ్వి, "నేను తట్టేది కుడిచేత్తో బావగారూ" అని సరిదిద్దాడు కూడా.

ఇక జెక్షెన్ సంగతి. ఈ మధ్య ఇంట్లో ఆయన వెనకాల కొన్ని మాటలు నడుస్తున్నాయి. అవి వెనకాలే నడిస్తే బాగుండేది. బత్మాఖాన్‌కి గొంతు తగ్గించడం చేతకాదు.

"మొన్న సందులో గోడకి రాసుకుపోయాడట. నిన్న నన్ను చూసి పక్కింటావిడ అనుకుని పలకరించాడు. ఒరే అజత్, మీ నాన్న దగ్గర కారు తాళాలు తీసుకోవాలిరా."

"ఎలా అడగను అత్తా? ఆయనకి ఉన్నదే అది."

ఈ మాటలు గోడవతల విన్న జెక్షెన్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నిజమే, ఆయనకి ఉన్నదే అది. జపాన్ నుంచి వచ్చిన పాత ఏడు సీట్ల కారు. రోజూ తుడుస్తాడు. ఎవరినీ తాకనివ్వడు. కళ్ళజోడు పెట్టుకో అని సైరాఖాన్ ఎన్నోసార్లు పోరింది. "కనుమ దారిలో మంచు తుపానులో లేని కళ్ళజోడు ఇప్పుడెందుకే?" అని కసిరేవాడు.

తనకింకా చేతనవునని చూపించాలని, కారు ట్యాపెట్ కవర్ నుంచి ఆయిల్ చెమ్మగిల్లుతుంటే, తనే ప్యాకింగ్ తెచ్చి మార్చాడు. ఇంటి షెడ్డులో వెలుతురు తక్కువ. అయినా పని పూర్తిచేసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. "నా చేత్తో మార్చాను. గడ్డివాములూ గుసగుసలూ ఏం లేవు!"

మనవడు నడవడం నేర్చాడు. పిల్లాడి కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం కట్టి, దాన్ని కోయించే వేడుక ఉంటుంది. అది కోస్తేనే జీవితంలో తడబడకుండా నడుస్తాడని నమ్మకం. సరస్సు ఒడ్డున పచ్చికలో గుడారాలు వేశారు. అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ అక్కడ చేరుతున్నారు. ఒరొజాలీ షెడ్డు మూసుకుని తర్వాత వస్తానన్నాడు. జెక్షెన్ తన కారులో సైరాఖాన్‌నీ, బత్మాఖాన్‌నీ, కొడుకునీ, కోడలినీ, మనవణ్ణీ ఎక్కించుకుని, కొత్త టోపీ పెట్టుకుని బయలుదేరాడు.

ఊరి చివర ఎత్తు వచ్చేసరికి కారు వణికింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకుమనడం మొదలెట్టింది. జెక్షెన్ కాలు నొక్కిన కొద్దీ కారు ముక్కుతుందే తప్ప ఎక్కదు.

"నాన్నా, మిస్సింగ్ కొడుతోంది" అన్నాడు అజత్.

"పెట్రోల్లో కల్తీ. ఈ రోజుల్లో అంతా కల్తీయే."

"మొన్ననే ఏదో నీ చేత్తో విప్పావు కదరా?" అంది వెనక సీట్లోంచి బత్మాఖాన్.

"అక్కా, దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఏమో, నీ కళ్ళకి నేనే సరిగా కనబడను. ఇంజన్ కనబడుతుందా అని!"

అజత్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూడటంలోనే జెక్షెన్‌కి అర్థమైంది, కొడుకు ఇవాళో రేపో తాళాలు అడుగుతాడని. అదృష్టమో దురదృష్టమో, ఒరొజాలీ దొడ్డి ఆ ఎత్తు పక్కనే. కారు తూలుకుంటూ అందులోకి దొర్లి ఆగింది.

ఒరొజాలీ విందుకి కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. దాని మీదే పాత కోటు తగిలించుకుని వచ్చి, ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేయించి, ఒక్కొక్క తీగా పీకి చూశాడు. మూడోది పీకితే ఇంజన్ పట్టించుకోలేదు. ఇంజన్ ఆపించి ఆ కాయిల్ లాగాడు. బావిలోంచి చేద వచ్చినట్టు నూనె కారుతూ వచ్చింది. రబ్బరు తొడుగు ఉబ్బిపోయి ఉంది. తక్కిన మూడూ లాగాడు. అన్నీ నూనెలో మునిగినవే. గుంటల్లోకి చిన్న దీపం వేసి చాలాసేపు చూశాడు.

చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. బత్మాఖాన్ నడుం మీద చేతులు వేసుకుని మరీ నిలబడింది.

"ఏమైందట?"

ఒరొజాలీ బానెట్ దించాడు. "ఏం లేదు. నిక్షేపంగా ఉంది" అని తట్టి, జెక్షెన్ మోచెయ్యి పట్టుకున్నాడు. "పదండి బావగారూ."

"ఇదిగో, మొదలెట్టాడు!" అని బత్మాఖాన్ పకపకా నవ్వింది. "చుట్టాలకైనా మినహాయింపు లేదు!"

గడ్డివామి వెనక ఎండుగడ్డి వాసన. అవతల ఎండలో కొండ వాలు. ఒరొజాలీ ఈసారి చుట్టూ చూడలేదు.

"రింగులు లేవు బావగారూ."

"ఏ రింగులు?"

"ప్యాకింగ్‌తో పాటు నాలుగు గుండ్రటి సీళ్ళు వస్తాయి, ప్లగ్గు గొట్టాల చుట్టూ కూర్చునేవి. అవి వేయలేదు. అందుకే ఆయిలంతా గుంటల్లోకి దిగింది."

"ప్యాకెట్లో నాకేం కనబడలేదే" అన్నాడు జెక్షెన్.

లేవు అని ఉంటే ఒక మాట. కనబడలేదు అన్నాడు. ఆ తేడా ఇద్దరికీ ఒకేసారి వినబడింది.

ఒరొజాలీ గడ్డిపరక ఒకటి తుంచి, దాంతో ఎదుటి వాలుని చూపించాడు. "ఆ గుర్రాలు ఎన్నున్నాయి?"

"వెటకారమా?"

"చెప్పండి."

జెక్షెన్ కళ్ళు చికిలించాడు. మెడ ముందుకి చాచాడు. "నాలుగు. కాదు, అయిదు."

"అవి రాళ్ళు బావగారూ."

జెక్షెన్ గడ్డివామికి ఆనుకుని, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కనుమ దారుల్లో ఎదుటి బండి దీపాలు ఎంత దూరాన ఉన్నాయో రెప్పపాటులో చెప్పిన మనిషి. ఇప్పుడు రాళ్ళకి గుర్రాలని పేరు పెట్టాడు. తను ఇన్నాళ్ళూ ఆ కారులో మనవణ్ణి కూర్చోబెట్టుకుని తిప్పాడన్న సంగతి అప్పుడే మొదటిసారి లోపలికి దిగింది.

"అక్కకి చెప్తావా?" అని అడిగాడు. మీరు అనడం మరిచిపోయాడు.

"నేను కార్ల గురించి చెప్తాను. మనుషుల గురించి నాకేం తెలుసు?" అన్నాడు ఒరొజాలీ. "కానీ ఒక్క మాట ఇవ్వాలి. కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ సరేననేదాకా స్టీరింగ్ అజత్‌ది. ఇందులో బేరం లేదు. పిల్లాడు మీకు మనవడైతే నాకూ మనవడే."

"ఇవాళ అందరి ముందూ తాళాలు అజత్‌కిస్తే, నేను పనికిరానని ఒప్పుకున్నట్టే కదా!"

"ఆ సంగతి నాకొదిలేయండి."

ఇద్దరూ తిరిగొచ్చారు. ఒరొజాలీ గొంతు సవరించుకున్నాడు.

"కారు అలిగింది. ఈ ఎత్తు మీద ఎవరో దీన్ని నానా మాటలూ అన్నారు."

"నేను తిట్టింది దీన్ని కాదు, వీణ్ణి!" అంది బత్మాఖాన్.

"అది దానికేం తెలుస్తుంది అక్కగారూ? తననే అనుకుంది. పోనీండి, పాత రబ్బర్లు కొన్ని మారుస్తాను, ఊరుకుంటుంది. కానీ కొత్త రబ్బరు కుదురుకునేదాకా దీనికి తేలిక కాలు కావాలి. బావగారిది కొండ మీదికి బస్సు ఎక్కించిన కాలు. చాలా బరువు. అజత్, కొన్నాళ్ళు నువ్వే నడుపు నాయనా."

"కాలికి బరువేంటయ్యా!" బత్మాఖాన్‌కి నవ్వు ఆగలేదు. "విన్నావా సైరా? తూకం వేశాడట!"

జెక్షెన్ జేబులోంచి తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "మీ మామగారు చెప్పారు కదా. ఏం చేస్తాం, ఆయన పద్ధతి ఆయనది" అన్నాడు. ఆయన్ని ఎవరూ గమనించలేదు. అందరూ ఒరొజాలీనే చూసి నవ్వుతున్నారు.

అంతా సర్దుకుందనుకున్నప్పుడే వచ్చింది అసలు గండం. కోడలి చంకలో ఉన్న మనవడు ఏదో నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. దారానికి గుచ్చిన నాలుగు నల్లటి రబ్బరు రింగులు. జెక్షెన్‌కి అవి కనబడలేదు. అజత్‌కి కనబడ్డాయి.

"అవేంటి వాడి చేతిలో?"

"మొన్న షెడ్డు ఊడుస్తుంటే బల్ల కింద దొరికాయిరా" అంది సైరాఖాన్. "కొత్తవిలా ఉన్నాయని కడిగి దారానికి కట్టిచ్చాను. వాడికి ఎంత ఇష్టమో!"

"ఇలా ఇవ్వు, చూద్దాం." అజత్ నుదురు ముడిపడింది. వాడికి కార్లంటే కొంచెం తెలుసు. ఇంకొంచెం చూస్తే మిగతాదీ తెలిసేది.

అవేంటో జెక్షెన్‌కి ఇప్పుడు అర్థమైంది. ఈలోగా ఒరొజాలీ దూసుకుపోయి, పిల్లాడి చేతిలోంచి ఆ దండ లాగేసి, కోటు జేబులో కుక్కేసి, దొడ్డంతా వినబడేలా అరిచాడు.

"కారు ఎదుట రబ్బరు నమలనిస్తారా! అవి దాని చుట్టాలు!"

బత్మాఖాన్ నవ్వుతూ ఏకంగా అక్కడున్న పాత టైరు మీద కూలబడింది. సైరాఖాన్ తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. బెగిమాయ్ "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, లోపలికి పో" అని నవ్వలేక నవ్వింది. ముడిపడిన నుదురుతో సహా అజత్ కూడా పగలబడి నవ్వాడు. పిల్లాడు ఏడుపు లంకించుకుంటే, ఒరొజాలీ విందు కోసం కట్టుకున్న మూటలోంచి వేయించిన పిండి ముక్క తీసి వాడి చేతిలో పెట్టాడు. ఏడుపు ఆగింది.

జెక్షెన్ కూడా అలవాటుగా నవ్వబోయాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడే వియ్యంకుడి ముఖం చూశాడు. ఇంతమంది నవ్వు మధ్య ఒరొజాలీ చెవులు కాస్త ఎర్రబడ్డాయి. అయినా హాయిగా నిలబడి, ఆ నవ్వుని వానలో గొడుగులా పట్టుకున్నాడు. ఆ గొడుగు కింద తడవకుండా ఉన్నది తను. జెక్షెన్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఒరొజాలీ కవర్ విప్పి, గుంటల్లో ఆయిల్ గుడ్డతో పీల్చి, గొట్టాల చుట్టూ కొత్త సీళ్ళు కూర్చోబెట్టి, ఉబ్బిన తొడుగున్న కాయిల్ మార్చేంత సేపూ ఆడవాళ్ళు టీ తాగారు. జెక్షెన్ పక్కనే నిలబడి పానాలు అందించాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే నీళ్ళు పారినట్టు మెత్తగా పలికింది.

దారిలో అజత్ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని జెక్షెన్ ఆలోచించాడు. తన సంగతి సరే. ముకాష్ బల్బు కాలిపోతే అందులో దాచేదేముంది? ఒంటరిగా వచ్చిన లారీ డ్రైవర్లని కూడా ఎందుకు నడిపించాలి? చాలా దూరం పోయాక తోచింది. సిగ్గుపడాల్సిన వాణ్ణి మాత్రమే గడ్డివామి వెనక్కి తీసుకెళ్తే, అటు నడవడమే సిగ్గైపోతుంది. ఊరందర్నీ నడిపిస్తే ఎవరు ఏం విన్నారో ఎవరికీ తెలియదు. ఆయిల్ మూత బిగించడం మరిచినవాడూ, డబ్బు కక్కుర్తితో పాడు ఆయిల్ పోసినవాడూ, బల్బు కాలిన ముకాష్, ఇమాముగారు, అందరూ ఒకే పిచ్చివాడి బాధితులు. అంతకుమించి అడిగేవాళ్ళు లేరు.

"ఏంటి నాన్నా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"ఏం లేదురా. రోడ్డు చూడు."

సరస్సు ఒడ్డున పిల్లలు పరుగు పందెం పెట్టుకున్నారు. గెలిచిన పిల్ల వచ్చి మనవడి కాళ్ళ దారం కోసింది. వాడు నాలుగడుగులు వేసి, గడ్డిలో చతికిలబడి, తనే చప్పట్లు కొట్టుకున్నాడు. పులుసు గిన్నె రాగానే చుట్టాలు అలవాటు కొద్దీ కేకేశారు. "జెక్షెన్, మీ వియ్యంకుడి వేషం కట్టు!"

"గొంతు బాగోలేదు" అన్నాడు జెక్షెన్.

ఆ సాయంత్రం ఇద్దరూ నీటి అంచున నడుస్తున్నప్పుడు అడిగాడు. "నిజం చెప్పండి బావగారూ. కార్లు వింటాయంటారా?"

"వినకపోతే రోజూ అంత దూరం ఎందుకు నడుస్తాను? అసలే మోకాళ్ళ నొప్పులు" అని, ఒరొజాలీ గులకరాయి తీసి నీళ్ళలోకి విసిరాడు. ఇంకేం అడిగినా అంతకన్నా పెద్ద జవాబు రాలేదు.

డాక్టరమ్మ జెక్షెన్ కళ్ళు చూసి, ఒక కంటికి చిన్న ఆపరేషన్ చేసి, మందపాటి అద్దాలు రాసిచ్చింది. కొన్నాళ్ళు పగలు మాత్రమే, ఊళ్ళో మాత్రమే నడపమంది. జెక్షెన్ ఒప్పుకున్నాడు. కళ్ళజోడుతో మొదటిసారి ఇంటికొచ్చి అక్కని చూసి, "నువ్వింత ముసలిదానివి అయిపోయావని ఎవరూ చెప్పలేదేమే!" అన్నాడు. బత్మాఖాన్ రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆ తర్వాత జెక్షెన్ మధ్యాహ్నాలు వియ్యంకుడి షెడ్డులోనే గడిపేవాడు. బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, ఎవరి కారు ఎన్ని సిలిండర్ల మీద నడుస్తోందో చెవితో పోల్చుకోవడం ఆయనకి కొత్త వ్యసనం.

ఒక రోజు పెళ్ళయి ఎంతో కాలం కాని జంట వచ్చింది. వెనక సీట్లో పెళ్ళికూతురి తల్లీ తండ్రీ. కారు ఎగిరెగిరి పడుతోంది. కుర్రాడు దిగుతూనే, తనే మొన్న సర్వీసు చేశానని, అందులో లోపం ఉండే అవకాశమే లేదని మామగారికి గట్టిగా చెప్పుకున్నాడు. చెప్తున్నవాడి నుదుటి మీద చెమట. ఒరొజాలీ కాయిళ్ళు లాగి చూశాడు. బానెట్ దించి తట్టాడు. కుర్రాడి మోచెయ్యి పట్టుకుని గడ్డివామి వైపు నడిచాడు.

కొత్త పెళ్ళికూతురు ఆ ఇద్దర్నీ కళ్ళప్పగించి చూసి, బెంచీ దగ్గరికి వచ్చింది. చూపుడువేలు కణత దగ్గర తిప్పుతూ, "తాతయ్యా, ఆయనకి కాస్త... ఇదా?" అని అడిగింది.

జెక్షెన్ టీ గిన్నె కింద పెట్టాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ముందు పిల్లని, తర్వాత ఆమె తల్లిదండ్రులని, తర్వాత చాలాసేపు ఆ కారుని చూశాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని లేచాడు.

"ఇక్కడొద్దమ్మా, అది వింటోంది. ఇలా షెడ్డు పక్కకి రా, చెప్తాను."

పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, గిరుక్కున తిరిగి, కారు దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా! ఇక్కడ ఒకరు కాదు, ఇద్దరున్నారు!"